ఇరవై రెండో రోజుకే పూత

రోజు 1

ఊరి సమితి కార్యదర్శి దక్షిణామూర్తి గారు ఈ దస్త్రం రాయమన్నారు. నా రాత ఆఫీసు రాతలా ఉండదని ముందే చెప్పాను. విషయం ఉంటే చాలన్నారు.

విషయం ఇది. చంద్రుడి నేల కింద ఉన్న ఈ చల్లగుంట ఊళ్లో అరవై నాలుగు ఇళ్లు, ఒకే ఒక్క తోట. మూడో సొరంగంలో నలభై అరల మీద కొత్తిమీర, పాలకూర, మెంతికూర, ముల్లంగి, గోంగూర పెంచుతాను. నా పేరు పేరిందేవి. తొమ్మిదేళ్లుగా ఇదే పని. మూడు నెలలుగా నా కొత్తిమీర ఇరవై రెండో రోజుకే పూత పట్టేస్తోంది. నలభై అయిదు రోజులు ఆకు ఇవ్వాల్సిన మొక్క సగం కాలం గడవకముందే సన్నటి కాడ పైకి తోసి, ఆకును దారాల్లా చీల్చేసుకుని, నెత్తిన తెల్ల పువ్వులు పెట్టుకుని నిలబడుతోంది. పాలకూరదీ అదే తీరు. ఒకసారి పూత మొదలైందంటే ఆకుకూర ఇంక ఆకు వేయదు. వేసిన నాలుగూ నోట్లో పెట్టుకోలేం.

భూమి నుంచి వచ్చే తర్వాతి ఓడలో నలభై మంది కొత్తవాళ్లు దిగుతున్నారు. వాళ్లకు తిండి కావాలి. ఇక్కడ తిండంటే ముఖ్యంగా పాచి ముద్ద. తొట్లలో పెరిగే ఆకుపచ్చ పాచిని ఆరబెట్టి, పిండి చేసి, ముద్ద కట్టి పెడతారు. బలానికి లోటుండదు, రుచి గురించి నేను మాట్లాడను. కొత్త తొట్లు పెట్టడానికి వేరే చోటు లేక సమితి కన్ను తోట మీద పడింది. నేటి నుంచి అరవయ్యో రోజున కోసిన ఆకు ముప్పై కిలోలు తూగితే తోట ఉంటుంది. తూగకపోతే అరలు ఊడదీసి తొట్లు పెడతారు. నన్ను గాలి జల్లెళ్లు కడిగే పనిలో వేస్తారు.

తొమ్మిదేళ్ల తోట పోతుందంటే నాకు ఏడుపొస్తోంది. ఇది కూడా విషయమే కాబట్టి రాశాను.

రోజు 3

మొదటి అనుమానం వేడి మీద. కొత్తిమీరకు ఉక్క పడదు. వేడి తగిలితే ఎండాకాలం వచ్చేసిందనుకుని గింజ పెట్టే హడావిడిలో పడుతుంది. కరెంటు గదిలో ఉండే ఐలయ్యను పట్టుకున్నాను. ఈ ఊళ్లో దీపాలు, గాలి, వేడి, అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"రెండు డిగ్రీలు తగ్గిస్తా గని అక్కా, నువ్వు స్వెటర్ ఏస్కొని పని జేస్కోవాలె" అన్నాడు.

తగ్గించాడు. ఇప్పుడు నేను వణుకుతూ నీళ్లు పోస్తున్నాను. చంద్రుడి మీద నీళ్లు అసలే తాపీగా పడతాయి. ఒక్కో అర తడిసేసరికి నా వేళ్లు మొద్దుబారుతున్నాయి.

రోజు 5

ఒక తప్పు ఒప్పుకోవాలి. చోటు కలిసొస్తుందని నేను కొత్తిమీర నారు ఒక పళ్లెంలో పోసి, తర్వాత పీకి అరల్లో నాటుతున్నాను. కొత్తిమీరను అలా కదపకూడదు. దాని వేరు ఒకటే పొడుగ్గా దిగుతుంది. పీకితే తెగుతుంది, తెగితే మొక్క బెదురుతుంది. బెదిరిన మొక్క బతికే రోజులు తక్కువనుకుంటుంది. చిన్న అరల్లో వేరు అడుగుకు తగిలినా ఇదే గొడవ.

కాబట్టి ఈ రోజు అన్నీ మార్చేశాను. పాత గింజలు పక్కన పెట్టి సీలు తీయని పొట్లాలు విప్పాను. అరల్లో కొబ్బరి పొట్టు రెండింతల లోతుకు నింపాను. ధనియాలను రెండుగా నలిపి, దూరం దూరంగా, నేరుగా అరలోనే చల్లాను. రోజుకు ఒకేసారి ముంచి పోయడం మానేసి మూడుసార్లు కొద్దికొద్దిగా పోస్తున్నాను. ఇక అలగడానికి దానికి కారణం మిగల్లేదు.

రోజు 9

మొలకలు లేచాయి. పచ్చగా, నిటారుగా ఉన్నాయి.

వంటశాల పెద్ద సువర్చల వచ్చి పాత మడిలోంచి చివరి కోత పట్టుకెళ్లింది. ఆమెది కోనసీమ మాట, నాలుకకు పదునెక్కువ. "పప్పులో పువ్వులు తేలుతున్నాయే పేరిందా. జనం తినాలో దణ్ణం పెట్టాలో తెలియక చూస్తన్నారు" అంది. నాకు ఒళ్లు మండింది. ఇంతమంది తింటారు, ఇంతమంది వంకలు పెడతారు, ఒక్కరైనా వచ్చి తోట ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. ఆ మాటే ఆమె మొహాన అన్నాను. ఆమె ఏదో చెప్పబోయి ఊరుకుంది.

ఐలయ్య కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఊరంతా వెలుగు కానుకలు పంపారట. కొత్తగా చదివేవాళ్ల కోసం చెప్పాలంటే, ఇక్కడ ఇంటింటికీ రోజుకు ఇంత వెలుగు అని లెక్కగా వస్తుంది. చీర పెడదామన్నా, స్వీటు కొందామన్నా కొట్టు లేదు. అందుకని పురుడొచ్చినా, జ్వరమొచ్చినా, పెళ్లయినా తమ వాటాలోంచి కొన్ని నిమిషాలు వాళ్లకు మళ్లిస్తారు. గోడ మీద మీట నొక్కితే సరిపోతుంది. ఇచ్చినవాడు పేరు చెప్పుకోకూడదు, పుచ్చుకున్నవాడు అడగకూడదు. చెప్పుకుంటే పరమ మోటు మనిషి కింద లెక్క. నేను పెద్దగా పంపను. నా వాటా విత్తనాల పుస్తకాలు చదవడానికే చాలదు.

రోజు 16

అంతా బాగుంది. ఆకు వెడల్పుగా ఉంది. నిన్న పాట పాడుకుంటూ పని చేశానని పక్క సొరంగంవాళ్లు చెప్పారు. నాకు గుర్తు లేదు.

రోజు 24

గుర్తు లేకపోవడమే మంచిదైంది.

పొద్దున్న తలుపు తీసి చూస్తే నడిమి అరలో కొత్తిమీర కాడ లేచింది. విత్తి పంతొమ్మిది రోజులు. ఇదివరకటి కంటే మూడు రోజులు ముందు. పాలకూర మధ్యలోంచి మొగ్గ తొంగి చూస్తోంది. ముల్లంగి దుంప ఊరకుండానే పూల కాడ ఎత్తింది. కొబ్బరి పొట్టు బస్తా మీద కూలబడ్డాను.

దక్షిణామూర్తి గారు వచ్చి అరలన్నీ చూసి, చేతిలోని కాగితంలో ఏదో రాసుకున్నారు. ఆయన పొడుగ్గా, ఎండు కాడలా ఉంటారు. మాట కూడా అంతే పొడి. తోట సంగతి నడవలోని బోర్డు మీద పెట్టక తప్పదన్నారు. పెట్టారు. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది.

రోజు 26

ఒక వింత. బోర్డు మీద పెట్టిన మర్నాటి నుంచి పూత ఇంకా ఊపందుకుంది. మెంతికూర కూడా మొదలెట్టింది.

విసిగిపోయి గోంగూర దగ్గర కూర్చున్నాను. గోంగూర మాత్రం ఏపుగా పెరుగుతోంది, ఒక్క మొగ్గ లేదు. ముందు దాన్ని మెచ్చుకున్నాను. తర్వాత ఎక్కడో తిరకాసుందనిపించింది. గోంగూర స్వభావం కొత్తిమీరకు పూర్తిగా ఎదురు. పగలు పొడుగైతే కొత్తిమీరకు పూత. పగలు కురచైతే గోంగూరకు పూత. నేను దీపాలు పొద్దున ఆరింటికి వేసి సాయంత్రం అయిదింటికి ఆర్పేలా పెట్టాను. పదకొండు గంటలే. ఆ లెక్కన ఇప్పటికి గోంగూర పూసి ఉండాలి, కొత్తిమీర పూయకూడదు. ఇక్కడ రెండూ తలకిందులుగా ఉన్నాయి.

మొక్కలు అబద్ధమాడవు. అయితే నా పదకొండు గంటలే అబద్ధమై ఉండాలి.

రోజు 27

నిన్న సాయంత్రం ఏడింటికి, పని ముగిసిన రెండు గంటలకు, మళ్లీ వెళ్లి తోట తలుపు తీశాను. తోటకు కిటికీలు లేవు. తలుపు వేసి ఇంటికెళ్లాక లోపల ఏం జరుగుతుందో తొమ్మిదేళ్లుగా నేను చూసింది లేదు.

లోపల పట్టపగలు. నలభై అరల మీదా దీపాలు వెలుగుతున్నాయి.

నేరుగా కరెంటు గదికి వెళ్లి ఐలయ్య మీద విరుచుకుపడ్డాను. ఆయన పాపం లెక్కలు తీసి నా ముందు పెట్టాడు.

"నేను ఏసినవి గావక్కా. అవి కానుకలు, నీ దీపాలు ఆరినంక వెలుగుతున్నయి. పేర్లు చెప్పరాదు, లెక్క చెప్తా. అరవయ్యొక్క ఇండ్లు రోజూ నీ తోటకు వెలుగు పంపుతున్నయి. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. మొత్తం కలిపి ఐదు గంటల నలభై నిమిషాలు."

అంటే నా కొత్తిమీర రోజుకు పదహారు గంటల నలభై నిమిషాల పగలు చూస్తోంది. ఎప్పటి నుంచి అని అడిగాను. కొత్తవాళ్లు వస్తున్నారు, తోట తీసేస్తారేమో అన్న వార్త పొక్కిన నాటి నుంచి, నాలుగు నెలలుగా అన్నాడు. మొదట పదిళ్లు, తర్వాత ఇరవై. పూత గొడవ తెలిసేకొద్దీ పెరిగాయి. బోర్డు మీద చదివాక మిగిలినవాళ్లూ కలిశారు. తోట పాడవుతోందని ఇంకాస్త వెలుగు ఇచ్చారు, ఇచ్చినకొద్దీ తోట ఇంకా పాడైంది. పేరు చెప్పుకోవడం మోటు కాబట్టి ఎవరి సంగతి ఎవరికీ తెలియదు. ఎవరికి వారు తామొక్కరే పంపుతున్నామనుకున్నారు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. అరవై నాలుగులో పంపనివి మూడు. ఒకటి ఖాళీ ఇల్లు. రెండోది ఐలయ్యది, కరెంటు గదివాళ్లు కానుకలు పంపకూడదని నియమం. మూడోది నాది. ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదని సువర్చల మొహాన అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

రోజు 28

కానుకను ఆపే వీలు ఐలయ్యకు లేదు, పంపినవాళ్లే మానుకోవాలి. అరలకు గుడ్డలు కప్పొచ్చు. కానీ ఎవరో చీకట్లో కూర్చుని పంపిన వెలుగును గుడ్డ మీద పారబోయడానికి నాకు చేతులు రాలేదు. దక్షిణామూర్తి గారిని అడిగి వంటశాలలో అందరినీ కూర్చోబెట్టాను. ఇంత వెలుగిచ్చినవాళ్లను వద్దని ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను. తట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మీరు తోటకు వెలుగు పంపుతున్నారు. ఎవరని అడగను. కానీ కొత్తిమీరకు పదకొండు గంటలు చాలు. పదహారు గంటలు చూస్తే నడి వేసవి అనుకుంటుంది, ఎండిపోయేలోపు గింజ పెట్టాలని పూసేస్తుంది. ఇప్పుడు దానికి కావాల్సింది చీకటి. దయచేసి పంపకండి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మనసులో మాట నాకు అర్థమైంది. నా అయిదు నిమిషాలతో ఏమవుతుందిలే, ఇది వేరేవాళ్ల గురించి అయ్యుంటుంది అని ప్రతివాళ్లూ అనుకుంటున్నారు. అలా అనుకుంటే ఎవరూ మానరు. అందరూ ఇంటికెళ్లి మళ్లీ మీట నొక్కుతారు.

అప్పుడు దక్షిణామూర్తి గారు లేచారు.

"నేను ఇరవై నిమిషాలు పంపుతున్నానండి. తోట తీసేసే ఆర్డరు రాసింది నేనే. రాసిన రోజు నుంచి ఇంట్లో దీపం వేసుకోబుద్ధి కాలేదు. ఈ రోజు నుంచి మానేస్తాను."

చల్లగుంటలో ఒక మనిషి తన కానుక గురించి నలుగురిలో చెప్పుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి సువర్చల లేచి తనది అయిదు నిమిషాలని చెప్పి, చీకట్లో గిన్నెలు తోముకోలేక చస్తున్నానని కూడా చెప్పింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత వరసగా లేచారు. అరవయ్యొక్క మందీ చెప్పేదాకా ఎవరూ కదల్లేదు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

రోజు 29

పూత పట్టిన మొక్కలన్నీ పీకి మళ్లీ విత్తాను. ముప్పై ఒక్క రోజులుంది. ఇరుకే, కానీ పాలకూరకు, మెంతికూరకు చాలు. కొత్తిమీర లేతగా కోసుకోవాలి. సాయంత్రం ఏడింటికి వెళ్లి చూశాను. తోటంతా చీకటి. ప్రాణం లేచొచ్చింది.

రోజు 41

వెలుగు పంపొద్దంటే జనానికి తోచడం లేదు. ఏమీ చేయకుండా ఉండటం వాళ్ల వల్ల కావడం లేదు. పొద్దున్నే తలుపు దగ్గర వరస కడుతున్నారు. ఒకాయన పాలకూరకు గాలి విసురుతానన్నాడు. ఇద్దరు అక్కాచెల్లెళ్లు మెంతికూరకు పాటలు వినిపిస్తామన్నారు. నీళ్లు ఎక్కువ పోస్తారేమోనని చెంబులు దాచేశాను. చివరికి అందరికీ ఒక పని పెట్టాను. ఆకులు లెక్కపెట్టమన్నాను. ఏ ఉపయోగమూ లేని లెక్క. ముట్టుకోకుండా ఉంటారని అంతే. ఇప్పుడు ఏ అరలో ఎన్ని ఆకులో ఊరందరికీ నోటికి వచ్చు.

రోజు 52

ఇరవై మూడు రోజులైంది, ఒక్క కాడ కూడా లేవలేదు. కొత్తిమీర ఆకు నా బొటనవేలి గోరంత వెడల్పు. సువర్చల వచ్చి ఒక రెమ్మ నలిపి వాసన చూసి, కళ్లు మూసుకుని నిలబడింది. నేను క్షమించమన్నాను. దేనికో ఆమెకు తెలియనట్టే ఊరుకుంది.

అన్నీ కుదిరాయి అనుకునే లోపు గోంగూర దగ్గర ఆగిపోయాను. మొగ్గలు. పగలు కురచైంది కదా, దాని వంతు వచ్చింది. దీపాలన్నిటికీ ఒకే మీట. కొత్తిమీరకు నచ్చిన పగలు గోంగూరకు నచ్చే దారి లేదు. గోంగూర బరువు మీదే సగం ఆశ పెట్టుకున్నాను.

రోజు 60

వంటశాలలో తూకం. ఊరంతా వచ్చింది. కొత్తిమీర, పాలకూర, మెంతికూర, ముల్లంగి ఆకు, చివరికి గోంగూర. దక్షిణామూర్తి గారే ముల్లు చూశారు.

ఇరవై తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు.

ఆరు వందల గ్రాములు తక్కువ. ఆయన కలం పట్టుకుని నా వైపు చూశారు. సువర్చల కాడలు కూడా వేసి తూచమంది. వద్దన్నాను. ఉన్నది రాయమన్నాను. నలభై మంది ఆకలితో దిగుతుంటే తూకంలో కాడలు కలిపి గెలిచే తోట నాకొద్దు. ఆయన రాశారు.

వెనక ఎవరో, ఇంతమంది వెలుగూ వృథా అయింది కదా అని గొణిగారు. ఆ మాట నా చెవిలో గుచ్చుకుంది. వృథా ఎందుకైంది? ఎక్కువ వెలుగు పడని మొక్కకు ఇచ్చారు కాబట్టి. పడేదానికి ఇస్తే?

ఐలయ్యను అడిగాను, పాచి తొట్లకు రోజుకు ఎన్ని గంటలు వెలుగని. పన్నెండన్నాడు.

"దానికి ఇంకో అయిదు గంటల నలభై నిమిషాలు కలిపితే? పాచికి ఎంత వెలుగిచ్చినా పూత రాదు కదా" అన్నాను.

ఐలయ్య వేళ్ల మీద లెక్క వేశాడు. రెండోసారి వేశాడు. "ఉన్న తొట్లే ఒకటిన్నర రెట్లు పని జేస్తయి. నలభై మందికి సరిపోంగ మిగుల్తది. కొత్త తొట్లే అక్కర్లేదక్కా."

వంటశాలలో ఒక్కసారిగా గోల మొదలైంది. ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. పాచికి ప్రేమగా కానుక పంపేవాళ్లెవరు మరి. గోల తగ్గాక దక్షిణామూర్తి గారు ఒక అడ్డంకి చెప్పారు. కానుకను ఆర్డరుతో రప్పించలేం. ఇచ్చేవాళ్లు ఇవ్వాలి, అదీ పాచి కోసం చీకట్లో కూర్చుని. మూడు రోజులు చూద్దాం, వెలుగు వస్తే తోట ఉంటుంది, రాకపోతే అరలు ఊడదీస్తారు అన్నారు. ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వడం మోటు కదా.

రోజు 63

పొద్దున్నే ఐలయ్య లెక్క కాగితం తెచ్చి దక్షిణామూర్తి గారి బల్ల మీద పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్లే ధైర్యం చాల్లేదు.

మొదటి రెండు సాయంత్రాలూ తొట్లకు అయిదు గంటల నలభై నిమిషాలు వెలుగు వచ్చింది. నిన్న మాత్రం అయిదు గంటల నలభై అయిదు. దక్షిణామూర్తి గారు తోట మీద ఆర్డరు కాగితం తీసుకుని అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టారు. తోట ఉంటుంది. నన్ను లోపలికి పిలిచి, కుర్చీ ఇచ్చి కూర్చోమన్నారు. కూర్చుని మళ్లీ ఏడ్చాను. ఈ దస్త్రంలో నా ఏడుపులు ఎక్కువయ్యాయని తెలుసు.

తర్వాత ఆయన ఐలయ్యను, ఇళ్ల లెక్క ఎంత అని అడిగారు. నిన్న అరవై రెండు అన్నాడు ఐలయ్య. ఇద్దరూ నా వైపు చూడకుండా గోడ వైపు చూశారు.

అరవై రెండో ఇల్లు ఎవరిదో నేను రాయను. చీకట్లో అయిదు నిమిషాలు కూర్చోవడం అనుకున్నంత కష్టం కాదని మాత్రం ఎవరో అంటుంటే విన్నాను.